ఎఫ్ పక్కన బ్రాకెట్ కనపడితేనే టెన్షన్: ఇంటర్ ఫస్టియర్ అమ్మాయి ఉత్తరానికి జవాబు

ప్రశ్న:

మాస్టారు గారికి నమస్కారం. మాది ఖమ్మం జిల్లాలో ఒక పల్లె. పదో తరగతి దాకా మా ఊరి జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు మీడియంలో చదివాను. లెక్కల్లో ఎప్పుడూ మంచి మార్కులే. ఇప్పుడు టౌన్లో ఎంపీసీలో చేరాను, ఇంగ్లీషు మీడియం. మ్యాథ్స్ 1ఏలో మొదటి చాప్టరే ఫంక్షన్స్. ఎఫ్ ఆఫ్ ఎక్స్ అని సార్ మొదలుపెట్టారు, వారం తిరక్కుండానే వన్-వన్, ఆన్‌టూ, ఇన్వర్స్ అంటూ వెళ్ళిపోయారు. నాకు మాత్రం ఆ ఎఫ్ దగ్గరే ఆగిపోయింది. ఎఫ్ అంటే ఒక సంఖ్యా? దాన్ని ఎక్స్‌తో గుణించాలా? ఎఫ్(ఎక్స్) = ఎక్స్² − 3ఎక్స్ + 5 అయితే ఎఫ్(ఎక్స్ + 2) ఎంత అని అడిగితే ఎక్స్² − 3ఎక్స్ + 7 అని రాశాను, సార్ కొట్టేశారు. ఎందుకు తప్పో అడగాలంటే భయం, క్లాసులో అందరికీ వచ్చినట్టే ఉంది. అసలు ఈ ఎఫ్ ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు? నాన్న సీఈసీకి మారిపొమ్మంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు:

సీఈసీ సంగతి చివర్లో చూద్దాం, ముందు నీ లెక్క చూద్దాం తల్లీ. ఆ తప్పులో నీకు రానిది బీజగణితం కాదు. విస్తరించడం, కలపడం, గుర్తులు మార్చడం అన్నీ నీకు వచ్చు, రాకపోతే పదిలో ఆ మార్కులు వచ్చేవి కావు. నువ్వు ఆ గుర్తును చదివిన తీరులో తేడా ఉంది, అంతే. ఎఫ్(ఎక్స్ + 2)ని నువ్వు "ఎఫ్(ఎక్స్)కి 2 కలపాలి" అని చదువుకున్నావు, అందుకే 5 కాస్తా 7 అయింది. చదువుకున్నదాని ప్రకారం చేసింది కరెక్టే. గుర్తు చెప్పేది మాత్రం అది కాదు.

ఒక మాట అడుగుతాను. పదో తరగతిలో సైన్ 60 విలువ రాశావు కదా, ఎప్పుడైనా దాన్ని సైన్ ఇంటూ 60 అనుకున్నావా? సైన్ అంటే ఎంత, దాన్ని 60తో ఎలా గుణించాలి అని ఎవరినైనా అడిగావా? అడగలేదు. 60 డిగ్రీల కోణం ఇస్తే దానికి సరిపడే ఒక విలువ ఉంటుంది, ఆ విలువ పేరు సైన్ 60 అని సరిపెట్టుకున్నావు, లెక్కలు చేసుకుంటూ పోయావు. అదే ఫంక్షన్. సైన్ అనేది ఫంక్షన్ పేరు, 60 దానికి మనం ఇచ్చింది, √3/2 అది మనకు తిరిగి ఇచ్చింది. ఎఫ్(ఎక్స్)లో కూడా ఎఫ్ పేరే, సంఖ్య కాదు. కాకపోతే సైన్‌కి సొంత పేరుంది, మిగతా కోటానుకోట్ల ఫంక్షన్లకి లేదు, అందుకని లెక్క అయ్యేదాకా తాత్కాలికంగా ఎఫ్ అనో జి అనో హెచ్ అనో పెట్టుకుంటాం. ఈ లెక్కలో ఎఫ్ వేరు, కింది లెక్కలో ఎఫ్ వేరు, ఇద్దరికీ చుట్టరికం లేదు. తొమ్మిదిలో, పదిలో బహుపదుల పాఠంలో పి(ఎక్స్) అని రాసి, పి(2) కనుక్కోమంటే ఎక్స్ ఉన్నచోటల్లా 2 పెట్టేసి విలువ తేల్చావు, గుర్తుందా? అప్పుడు ఎవరూ ఫంక్షన్ అనే మాట అనలేదు కాబట్టి నీకు భయం వేయలేదు.

ఇక ఆ బ్రాకెట్. అది గుణకారం బ్రాకెట్ కాదు, ఖాళీ చోటు. ఎఫ్(ఎక్స్) = ఎక్స్² − 3ఎక్స్ + 5 అని పుస్తకంలో ఉంటే నువ్వు రఫ్ పేపర్ మీద ఎక్స్ తీసేసి ఇలా రాసుకో:

ఎఫ్( ) = ( )² − 3( ) + 5

మొదటి బ్రాకెట్లో ఏది పెడితే మిగతా రెండు బ్రాకెట్లలోనూ అదే రావాలి. 4 పెడితే 16 − 12 + 5, అంటే 9. కాబట్టి ఎఫ్(4) = 9. టి పెడితే టి² − 3టి + 5. ఎక్స్ అనే అక్షరం చోటు చూపించడానికి వచ్చింది తప్ప అందులో వేరే విశేషం లేదు, ఎక్స్ బదులు టి రాసినా ఎఫ్ మారదు. ఇప్పుడు ఎక్స్ + 2 పెట్టు, మొత్తం ఎక్స్ + 2ని, బ్రాకెట్ ఊడదీయకుండా:

ఎఫ్(ఎక్స్ + 2) = (ఎక్స్ + 2)² − 3(ఎక్స్ + 2) + 5

మొదటిది ఎక్స్² + 4ఎక్స్ + 4, రెండోది −3ఎక్స్ − 6, చివర 5. అన్నీ కలిపితే ఎక్స్² + ఎక్స్ + 3. ఇదీ జవాబు.

మరి ఇది సరైందా కాదా అని తేల్చుకోవడానికి సార్ దాకా వెళ్ళక్కర్లేదు, ఒక సంఖ్య పెట్టి చూస్తే చాలు. నీ లెక్కలో మాత్రం ఒక తమాషా ఉంది, చేసుకుంటూ పోతుంటే కనపడింది. ఎక్స్ = 1 పెట్టి చూశావనుకో. ఎఫ్(1 + 2) అంటే ఎఫ్(3), అది 9 − 9 + 5 = 5. సరైన జవాబులో 1 పెడితే 1 + 1 + 3 = 5. నువ్వు రాసిన జవాబులో పెట్టినా 1 − 3 + 7 = 5! అంటే 1తో సరిచూసుకుని ఉంటే నీ జవాబు కరెక్టేనని హాయిగా తర్వాతి లెక్కకి వెళ్ళిపోయేదానివి. అదే ఎక్స్ = 0 పెట్టు. ఎఫ్(2) = 4 − 6 + 5 = 3. సరైనది 3 ఇస్తుంది, నీది 7 ఇస్తుంది, అక్కడ బయటపడుతుంది. ఒక సంఖ్యతో కుదరకపోతే జవాబు ఖాయంగా తప్పు, ఒక సంఖ్యతో కుదిరినంత మాత్రాన ఒప్పు అనలేం. రెండు మూడు సంఖ్యలతో చూసుకోవడం అలవాటు చేసుకో, పరీక్షలో అర నిమిషం పని.

ఇదే ఎఫ్ పెట్టుకుని ఇంకో నాలుగు చేసి చూడు, ఎందుకంటే అందరూ తడబడేది వీటి దగ్గరే. ఎఫ్(ఎక్స్) + 2 అంటే వచ్చిన విలువకి 2 కలపడం, అదే నువ్వు రాసిన ఎక్స్² − 3ఎక్స్ + 7. నీ జవాబు తప్పు కాదు, వేరే ప్రశ్నకి సరైన జవాబు అన్నమాట! ఎఫ్(2ఎక్స్) అంటే ఖాళీలో 2ఎక్స్ పెట్టడం: (2ఎక్స్)² అంటే 4ఎక్స్², −3(2ఎక్స్) అంటే −6ఎక్స్, చివరి 5 అలాగే ఉంటుంది, దానికి ఖాళీతో పనిలేదు కదా. 2ఎఫ్(ఎక్స్) అంటే వచ్చిన మొత్తాన్ని రెట్టింపు చేయడం: 2ఎక్స్² − 6ఎక్స్ + 10. రెండూ ఎంత వేరుగా ఉన్నాయో చూడు. ఎఫ్(−ఎక్స్) దగ్గర సగం క్లాసు −ఎక్స్² అని రాస్తుంది, కానీ బ్రాకెట్ ఉంచి రాస్తే (−ఎక్స్)² కనుక అది ఎక్స్², తర్వాత −3(−ఎక్స్) అంటే +3ఎక్స్, చివర 5. బ్రాకెట్ లోపల ఏం జరిగినా అది ఇచ్చేదానికి జరిగినట్టు, బయట జరిగితే వచ్చినదానికి జరిగినట్టు. ఈ తేడా ఒక్కటి చేతికి అలవాటైతే చాప్టర్‌లో సగం భయం పోతుంది.

నువ్వు అడగలేదు గానీ వచ్చే వారం నీ నోట్సులో కనపడబోయే ఇంకో తప్పు ఎఫ్(ఏ + బి) = ఎఫ్(ఏ) + ఎఫ్(బి) అని రాసేయడం. 3(ఏ + బి) = 3ఏ + 3బి అని ఆరో తరగతి నుంచి చేతికి అలవాటు కాబట్టి ఎఫ్‌ని కూడా లోపలికి పంచేస్తాం. ఇది ఎందుకు కుదరదో జ్వరం లెక్కతో చూపిస్తాను. మన ఇళ్ళల్లో ఒక వింత ఉంది చూడు: ఎండని సెల్సియస్‌లో చెప్పుకుంటాం, జ్వరాన్ని ఫారెన్‌హీట్‌లో చెప్పుకుంటాం. కొత్తగూడెంలో 45 డిగ్రీలు అంటే ఎండ సంగతని, పిల్లాడికి 102 ఉంది అంటే జ్వరం సంగతని ఎవరూ వివరించకుండానే అర్థమవుతుంది. సెల్సియస్ నుంచి ఫారెన్‌హీట్‌కి మార్చాలంటే 1.8తో గుణించి 32 కలపాలి. ఈ ఫంక్షన్‌కి టి అని పేరు పెడదాం:

టి(ఎక్స్) = 1.8ఎక్స్ + 32

టి(37) చేసి చూడు, 66.6 + 32 = 98.6, డాక్టర్లు మామూలు ఒంటి వేడి అని చెప్పే అంకె. ఇప్పుడు టి(20) = 68. మరి టి(40) ఎంత? 20 + 20 కాబట్టి 68 + 68 = 136 అందామా? లెక్క కట్టు: 72 + 32 = 104. 40 సెల్సియస్ అంటే 104 జ్వరం, మనిషి వణుకుతూ ఉంటాడు కానీ ఉంటాడు. 136 డిగ్రీల జ్వరం ఉన్న మనిషి ఈ లోకంలో ఉండడు. పంచేస్తే ఆ 32 రెండుసార్లు కలిసిపోతుంది, తప్పు అక్కడుంది. కిలో నలభై చొప్పున టమాటా కొంటే, ఎఫ్(ఎక్స్) = 40ఎక్స్, అక్కడ రెండు కిలోలకీ మూడు కిలోలకీ విడివిడిగా కట్టి కలిపినా ఒకేసారి అయిదు కిలోలకి కట్టినా ఒకటే. అలాంటి ఫంక్షన్లు ఉన్నాయి, కానీ కొన్నే. నీకు తెలిసిన సైన్ కూడా అలా పంచనివ్వదు: సైన్ 30 అర, సైన్ 60 దాదాపు 0.866, రెండూ కలిపితే ఒకటి దాటిపోతుంది, సైన్ 90 మాత్రం సరిగ్గా 1.

"మరి బ్రాకెట్ చూసి ఇది గుణకారమా, ఫంక్షనా అని ఎలా పోల్చుకోవాలి?" అంటావు. న్యాయమైన ప్రశ్న. గుర్తు రెండింటికీ ఒకటే, చూపుతో తెలియదు, అది ఆ గుర్తులో ఉన్న లోపమే. తెలిసేది లెక్క మొదటి వాక్యం వల్ల. "లెట్ ఎఫ్ బీ ఎ ఫంక్షన్ ఫ్రమ్ ఏ టు బీ" అనో "ఎఫ్ : ఏ → బీ" అనో పైన ఒక లైను ఉంటుంది. తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలు ఇంగ్లీషు వాక్యం కదా అని దాన్ని దాటేసి నేరుగా సమీకరణం మీదికి వెళ్ళిపోతుంటారు. ఎఫ్ ఎవరో చెప్పేది ఆ లైనే, దాన్ని మాత్రం వదలకు. ఆ లైన్లో ఫంక్షన్ అని పరిచయం చేసిన అక్షరం పక్కన బ్రాకెట్ వస్తే ఖాళీ చోటు, మామూలు అక్షరం పక్కన, అంటే ఎక్స్(ఎక్స్ + 2) లాంటి దాంట్లో, వస్తే గుణకారం.

ఇంకో చిన్న సంగతి. ఎఫ్ వేరు, ఎఫ్(ఎక్స్) వేరు. ఎఫ్ అంటే ఆ మొత్తం ఏర్పాటు, ఎఫ్(4) అంటే ఆ ఏర్పాటు 4కి ఇచ్చిన ఒక సంఖ్య. పుస్తకాలు కూడా ఒక్కోసారి "ఎఫ్(ఎక్స్) అనే ఫంక్షన్" అని రాసేస్తాయి, మాటల్లో అందరం అంటాం, పట్టించుకోకు. గ్రాఫ్ గీసేటప్పుడు వై = ఎఫ్(ఎక్స్) అని రాస్తే, నిలువు అక్షం మీద వచ్చిన విలువని చూపిస్తున్నాం అని.

ఇప్పుడు నిర్వచనం. "ఏ అనే సెట్‌లోని ప్రతి మూలకానికీ బీ అనే సెట్‌లో ఒకే ఒక్క మూలకం జత కావాలి" అని నీ నోట్సులో ఉండే ఉంటుంది. బట్టీ కూడా పట్టి ఉంటావు. ఆ "ఒకే ఒక్క" ఎందుకు? ఎఫ్(3) అని రాసినప్పుడు అది ఒక సంఖ్యకి పేరు. 3కి రెండు విలువలు ఉంటే ఎఫ్(3) అని రాస్తే ఏది? ఎఫ్(3) + 1 ఎంత? చెప్పలేం. ఆ గుర్తుతో ఒక్క లెక్క కూడా చేయలేం. గుర్తు పనిచేయాలంటే ఆ షరతు ఉండి తీరాలి. దీనికి నీకు బాగా తెలిసిన ఉదాహరణ √9. ఎక్స్² = 9 అయితే ఎక్స్‌కి 3, −3 రెండూ వస్తాయి, ఒప్పే. కానీ √9 అంటే 3 మాత్రమే. √9 = ±3 అని రాసే పిల్లలు ఇంటర్‌లోనే కాదు ఇంజినీరింగ్‌లో కూడా ఉన్నారు. ఆ గుర్తుని ఫంక్షన్‌గా వాడుకోవాలి కనుక రెండింట్లో ధనాత్మకమైనదాన్నే తీసుకుందాం అని గణితంలో ఒప్పందం, మరొకటి కావాలంటే ముందు మైనస్ మనమే పెట్టుకోవాలి.

డొమైన్, కోడొమైన్, రేంజ్, వన్-వన్, ఆన్‌టూ అన్నీ ఒకే ఉదాహరణలో చూపించేస్తాను, విడివిడిగా బట్టీ పడితే పరీక్ష రోజున కలగాపులగం అయిపోతాయి. వంద మార్కుల పరీక్ష ఒకటి పెట్టారు, అర మార్కులు లేవు, అందరూ రాశారు. హాల్ టికెట్ నంబర్ ఇస్తే మార్కులు చెప్పే ఫంక్షన్ అనుకో. హాల్ టికెట్ నంబర్లన్నీ డొమైన్. రాగల మార్కులన్నీ, అంటే 0 నుంచి 100 దాకా, కోడొమైన్. ఎన్ని ఉన్నాయి అవి? వంద కాదు, సున్నాతో కలిపి 101. నిజంగా ఎవరో ఒకరికి వచ్చిన మార్కులు మాత్రమే రేంజ్. ఒక హాల్ టికెట్ మీద రెండు రకాల మార్కులు చూపిస్తే గొడవైపోతుంది, అది ఫంక్షన్ కాదు. ఇద్దరికి 78 రావడం మాత్రం తప్పేమీ కాదు, ఫంక్షన్ చెడిపోదు. చాలామంది ఇక్కడే తిరగేసి పట్టుకుంటారు: ఒక్కదానికి రెండు జవాబులు ఉండకూడదు గానీ ఇద్దరికి ఒకే జవాబు ఉండొచ్చు.

ఏ ఇద్దరికీ ఒకే మార్కు రాకపోతే అది వన్-వన్. 0 నుంచి 100 దాకా ప్రతి మార్కూ కనీసం ఒకరికైనా వస్తే ఆన్‌టూ. ఇప్పుడు నువ్వే ఆలోచించు. నీ సెక్షన్‌లో అరవై మంది ఉంటే ఆన్‌టూ అవుతుందా? 101 మార్కులకి అరవై మంది చాలరు, కాదు. రెండు సెక్షన్లు కలిపి 102 మంది అయితే వన్-వన్ అవుతుందా? ఎంత రకరకాలుగా రాసినా కనీసం ఇద్దరికి ఒకే మార్కు వచ్చి తీరుతుంది. రెండూ కుదరాలంటే సరిగ్గా 101 మంది ఉండి, ఒకరికి సున్నా, ఒకరికి ఒకటి, అలా వంద దాకా రావాలి. దాన్నే బైజెక్షన్ అంటారు. ఏ సెట్‌లో ఎన్ని, బీ సెట్‌లో ఎన్ని అని చూసి చేసే చిన్న ప్రశ్నలన్నీ ఈ లెక్కే. కోడొమైన్ మార్చేస్తే ఆన్‌టూ సంగతి కూడా మారిపోతుందని గమనించావా? "వచ్చిన మార్కులే కోడొమైన్" అని ముందే అనేస్తే ప్రతి ఫంక్షనూ ఆన్‌టూనే. అందుకే పై లైన్లో బీ ఏమిటో చూడకుండా ఆన్‌టూ అవునా కాదా చెప్పకూడదు.

క్లాసులో ఫంక్షన్ అంటే పిండిమర లాంటిది, బియ్యం పోస్తే పిండి వస్తుంది అని చెప్పి ఉంటారు. మొదటి రోజుకి ఫర్వాలేదు. కానీ దాన్నే పట్టుకుని వేలాడితే ఫంక్షన్ అంటే ఎప్పుడూ ఏదో ఒక సూత్రం, ఏదో ఒక ఆడించే పని ఉండాలి అనే అపోహ మిగిలిపోతుంది. హాల్ టికెట్ ఉదాహరణలో సూత్రం ఎక్కడుంది? లేదు, ఒక పట్టిక ఉంది, అంతే. పట్టిక కూడా నిఖార్సైన ఫంక్షనే. ఆర్యభటుడు 499 నాటి ఆర్యభటీయంలో చేసింది అదే: పావు వృత్తాన్ని 24 భాగాలు చేసి, ఒక్కో కోణానికి ఒక్కో జ్యా విలువ తేల్చాడు. జ్యా అంటే మన సైన్‌ని వృత్త వ్యాసార్థంతో గుణిస్తే వచ్చేది. 225, 449, 671, 890 అంటూ సాగుతుంది ఆ వరస. వృత్త వ్యాసార్థం 3438 అనుకున్నాడు. ఎనిమిదో విలువ 1719. ఎనిమిదో కోణం ఎంతో కట్టి చూడు, ఒక్కో మెట్టు 3.75 డిగ్రీలు, ఎనిమిది మెట్లు 30 డిగ్రీలు. 3438లో 1719 సరిగ్గా సగం, నువ్వు పదిలో రాసిన సైన్ 30 = 1/2.

ఎఫ్ ఎవరు పెట్టారన్నావు కదా. 1718లో స్విట్జర్లాండ్ గణితజ్ఞుడు యోహాన్ బెర్నూలీ ఫంక్షన్‌ని ఫై అనే గ్రీకు అక్షరంతో, బ్రాకెట్ లేకుండా, మన సైన్ ఎక్స్ లాగే రాశాడు. ఆయన శిష్యుడు ఆయిలర్ 1730లలో రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో పనిచేస్తున్నప్పుడు ఎఫ్ పక్కన బ్రాకెట్ పెట్టి రాయడం మొదలుపెట్టాడు, అదే నిలిచిపోయింది. అప్పట్లో ఫంక్షన్ అంటే సూత్రమనే అనుకునేవాళ్ళు. సూత్రం ఉన్నా లేకపోయినా ప్రతి ఎక్స్‌కీ ఒక వై ఉంటే చాలు అనే ఆలోచన 1837లో జర్మనీలో డిరిక్లే దగ్గర స్పష్టంగా కనిపిస్తుంది. అంటే బ్రాకెట్ వచ్చాక ఆ మాట తేలడానికి నూరేళ్ళు పట్టింది. మీ కాలేజీలో వారంలో కానిచ్చేశారు! నీకు అర్థం కాకపోవడంలో వింతేముంది?

ఇన్వర్స్ దగ్గర ఒక్క జాగ్రత్త చెప్పి వదిలేస్తాను. ఎఫ్ నెత్తి మీద −1 పెడితే అది 1/ఎఫ్ కాదు. జ్వరం లెక్కే తీసుకో: టి(40) = 104. టి ఇన్వర్స్ 104కి ఎంత ఇస్తుంది? 40 తిరిగి ఇస్తుంది. 1/104 కాదు. ఫారెన్‌హీట్ నుంచి 32 తీసేసి 1.8తో భాగించడమే టి ఇన్వర్స్, వెళ్ళిన దారిలోనే వెనక్కి రావడం, చివర చేసినదాన్ని ముందు విప్పుకుంటూ. ఇద్దరికి 78 వచ్చిన పరీక్షకి ఇన్వర్స్ ఉండదు, "78 ఎవరిది?" అంటే ఒక్క జవాబు చెప్పలేం కదా. బైజెక్షన్ అయితేనే ఇన్వర్స్ అని మీ సార్ అన్నది ఇందుకే.

ఇక సీఈసీ. కామర్స్ మీద ఇష్టం ఉంటే సీఈసీ మంచిదే, అది తక్కువ కోర్సేమీ కాదు. కానీ ఎఫ్ పక్కన బ్రాకెట్ అర్థం కాలేదని మారిపోవడం మాత్రం వద్దు. నాన్నగారితో ఈ చాప్టర్ అయ్యాక మాట్లాడదామని చెప్పు. నీ అసలు ఇబ్బంది సగం ఇంగ్లీషు వాక్యాలది అని నాకు అనిపిస్తోంది. తెలుగు అకాడమీ వాళ్ళ తెలుగు మీడియం 1ఏ పుస్తకం ఒకటి పాతదైనా సరే సంపాదించి పక్కన పెట్టుకో, అవే పాఠాలు. డొమైన్‌కి ప్రదేశం, కోడొమైన్‌కి సహప్రదేశం, రేంజ్‌కి వ్యాప్తి అని ఉంటాయి. ఇంగ్లీషులో ప్రశ్న చదివి తికమకైతే తెలుగులో చూసుకో, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే రాయడం అలవాటు చేసుకో. క్లాసులో అందరికీ వచ్చేసింది అనుకోకు, ఎఫ్(ఎక్స్ + 2) అంటే ఏమిటో పక్క బెంచీ అమ్మాయిని మెల్లగా అడిగి చూడు. సార్‌ని అందరి ముందు అడగడం భయమైతే క్లాసు అయ్యాక నోట్సు పట్టుకెళ్ళి ఈ లైను ఎందుకు కొట్టేశారో చెప్పండి సార్ అని అడుగు, "ఫంక్షన్స్ అర్థం కాలేదు" అని మాత్రం అనకు, అలా అంటే మళ్ళీ నిర్వచనం చదివి వినిపిస్తారు.

పోయే ముందు ఒక లెక్క. ఎఫ్(ఎక్స్) = (ఎక్స్ + 1)/(ఎక్స్ − 1). ముందు ఎక్స్ ఏ విలువ కాకూడదో చెప్పు. 1 పెడితే కింద సున్నా వస్తుంది, కాబట్టి 1 డొమైన్‌లో ఉండదు. ఇప్పుడు ఎఫ్(3) = 4/2 = 2. వచ్చిన 2ని మళ్ళీ ఎఫ్‌లోనే పెట్టు: ఎఫ్(2) = 3/1 = 3. బయల్దేరిన చోటికే వచ్చాం. 5తో చేస్తే ఎఫ్(5) = 6/4, అంటే 3/2. ఎఫ్(3/2) చేస్తే పైన 5/2, కింద 1/2, మళ్ళీ 5. ప్రతిసారీ ఇలాగే అవుతుందా, అయితే ఎందుకు? ఎఫ్(ఎఫ్(ఎక్స్)) అని రాసుకుని, ఖాళీలో ఆ భిన్నాన్ని మొత్తం బ్రాకెట్‌తో సహా పెట్టి, పైనా కిందా విడివిడిగా సాధించు. అయిదారు లైన్లు పడుతుంది. ఎక్కడైనా ఆగిపోతే ఆగిన లైను దాకా రాసి పంపు, కొట్టివేతలతో సహా పంపినా ఫర్వాలేదు.